పదకొండు నెలల అక్క

మనవాళ్ళు ఆన్‌సైట్‌కి వెళ్ళి పడే పాట్ల గురించి ఎవరు రాయలేదు గనక. సూట్‌కేసులో పగిలిన ఆవకాయ సీసా, పోపు పొగకి మోగిన ఫైర్ అలారం, మంచులో జారిపడ్డ మొదటి వారం... అన్నీ చదివేశాం. నాకూ ఏడాదిన్నర చలిదేశం అనుభవం ఉంది గానీ అందులో మీకు తెలియంది ఒక్కటీ లేదు. ఇప్పుడు చెప్పబోయేది అటునుంచి ఇటు వచ్చిన మనిషి కథ. జీతం లేకుండా, పదకొండు నెలల కోసం, బెజవాడకి.

ముందు కాస్త సందర్భం చెప్పాలి. చెన్నై నుంచి ఢిల్లీ వెళ్ళే లైనూ, చెన్నై నుంచి హౌరా వెళ్ళే లైనూ కలిసేది విజయవాడ జంక్షన్లోనే. అందుకని ఇంట్లో తన్నులు తినో, అలిగో, ఏ దిక్కూ లేకో రైలెక్కేసిన పిల్లలు చాలామంది ఇక్కడ దిగిపోతుంటారు. ఇలాంటి పిల్లల కోసం పనిచేసే సంస్థలు మా ఊళ్ళో చాలా ఏళ్ళుగా ఉన్నాయి. డాన్ బాస్కో సంస్థవాళ్ళు నవజీవన్ బాల భవన్ పెట్టింది 1989లో. నేను శనివారాలు లెక్కలు చెప్పడానికి వెళ్ళేది ఇంకో చిన్న హాస్టలుకి, దాని పేరు ఇక్కడ అనవసరం. అరవైమంది మగపిల్లలు, ఒక వార్డెన్ గారు, ఒక వంటావిడ, ఇద్దరు హెల్పర్లు. ఇంకా ఏటా ఆగస్టులో దిగి జులైలో వెళ్ళిపోయే ఓ విదేశీ వాలంటీరు.

2024 ఆగస్టు రెండో వారంలో దిగింది జర్మనీ అమ్మాయి. పంతొమ్మిదేళ్ళు. స్కూలు అయిపోయింది, యూనివర్సిటీలో ఇంకా చేరలేదు. జర్మనీ ప్రభుత్వం 2008లో వెల్ట్‌వేర్ట్స్ అని ఒక పథకం మొదలుపెట్టింది. 'ప్రపంచం వైపు' అని అర్థమట. పద్దెనిమిది నుంచి ఇరవై ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళని ఇలా బయటి దేశాలకి పంపుతారు. ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వానిది. మన దగ్గర ఆ వయసు పిల్లల్ని ఎంసెట్ ర్యాంకూ, కాలేజీ కౌన్సెలింగూ అని పరిగెత్తిస్తుంటాం. ఏడాదిపాటు ఏదో దేశం పోయి పరాయి పిల్లలకి స్నానాలు చేయించి వస్తానంటే మా ఇంట్లో అయితే ముందు డాక్టరుకి చూపించేవాళ్ళు :)

వీసా సంగతి చెబితే హెచ్1బి బాధితులందరికీ కాస్త ఊరటగా ఉంటుంది. మన దేశానికి ఇలా స్వచ్ఛంద సేవకి వచ్చేవాళ్ళకి ఇచ్చేది ఎంప్లాయ్‌మెంట్ వీసానే. మామూలుగా ఆ వీసాకి కనీస జీతం ఇంత ఉండాలని నిబంధన ఉంది. వీళ్ళకి జీతమే లేదు కాబట్టి మినహాయింపు. ఏ సంస్థ పేరు మీద వచ్చారో అక్కడే పనిచెయ్యాలి. 180 రోజులు దాటిన వీసా అయితే దిగిన 14 రోజుల్లోపు విదేశీయుల రిజిస్ట్రేషను చేయించుకోవాలి. ఆన్‌లైన్ ఫారాలు అప్‌లోడ్ చేస్తూ ఫోటో సైజు ఎక్కువైందని మూడోసారి రిజెక్టయ్యాక ఆ అమ్మాయి మొహం చూస్తే, కాన్సులేటు బయట ఫైలు పట్టుకుని నిలబడ్డ నా మొహమే గుర్తొచ్చింది. ప్రపంచం మొత్తం మీద సమానత్వం అనేది ఏదైనా ఉందంటే అది వీసా ఫారాల దగ్గరే.

మొదటి రెండు వారాలూ మీరు ఊహించినట్టే గడిచాయి. ఎండాకాలం కాకపోయినా బెజవాడ ఉక్క ఉక్కే. కడుపు పాడైంది. తగ్గింది. మళ్ళీ పాడైంది. పెరుగన్నం మీద బతికింది. ఒంటిపూట తింటోందని తెలిసి మా అమ్మ ఆదివారాలు ఇంటికి పిలవడం మొదలుపెట్టింది. గోంగూర ఒక్క ముద్ద తిని కళ్ళు మూసుకుంది, ఆ పులుపు నచ్చిందో నచ్చలేదో ఈరోజుకీ మాకు తెలీదు. రెండోసారి పెడితే మాత్రం వద్దనలేదు.

ఆమెని బాగా తికమక పెట్టింది ఎండ కాదు, కూరలు కాదు, మన పలకరింపులు. "భోంచేశావా?" అని పొద్దున్నుంచి పదిమంది అడిగితే పదిమంది పిలుస్తున్నారేమో అనుకుందట. తినలేదని నిజం చెబితే వాళ్ళు కంగారు పడిపోయేవాళ్ళు. ఒకసారి మా నాన్న చెప్పులేసుకుంటుంటే కొత్తగా నేర్చుకున్న తెలుగులో "ఎక్కడికి?" అని అడిగింది. అమ్మ గబుక్కున నోటిమీద చెయ్యేసుకుంది. బయల్దేరేవాళ్ళని ఎక్కడికి అని అడక్కూడదమ్మా అని చెప్పి, నాన్నని రెండు నిమిషాలు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి పంపింది. ఇంకోరోజు మా ఇంటినుంచి వెళ్తూ "వెళ్తాను" అంది. "వెళ్తాను అనకూడదు, వెళ్ళొస్తాను అనాలి" అని అది కూడా అమ్మే నేర్పింది. నోట్సులో రాసుకుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి రావాలి.

ఆగస్టు 31న వాన మొదలైంది. సెప్టెంబరు 1 నాటికి బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, ఆ పక్కంతా మునిగింది. ఇంకోపక్క కృష్ణలో వరద. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, కొట్టుకొచ్చిన పడవలు గేట్లకి గుద్దుకున్నాయి. మీలో చాలామంది హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, న్యూజెర్సీలోనో కూర్చుని ఫోన్లు కలవక గిలగిల్లాడిన రోజులవి. మేం ఉన్నవైపు నీళ్ళు రాలేదు. హాస్టలుకీ రాలేదు. కానీ వంటావిడ ఇల్లు సింగ్‌నగర్లో. మూడురోజులపాటు ఆవిడ ఉందో లేదో కూడా తెలీదు. నాలుగోరోజు తెలిసింది, పక్కింటివాళ్ళ డాబా మీద ఉందని.

ఈ అమ్మాయి రెయిన్‌కోటు తొడుక్కుని గేటు దగ్గర నిలబడింది. సేవ చెయ్యడానికే కదా వచ్చింది, ఊరు మునిగిపోతుంటే గదిలో ఎలా కూర్చుంటుంది? అదే సమయానికి వాళ్ళని పంపిన సంస్థ నుంచి మెయిలొచ్చింది, బయటికి అడుగు పెట్టొద్దని. వార్డెన్ గారు ఇంకా సూటిగా చెప్పారు: "నువ్వు పడవెక్కితే నిన్ను చూసుకోడానికి ఇద్దరు ఎక్కాలి తల్లీ. ఆ ఇద్దరి చోట్లో నలుగురు బయటికి రావచ్చు." నేను తర్జుమా చేశాను. ఆమె ఏమీ అనకుండా రెయిన్‌కోటు విప్పేసి మెట్లమీద కూర్చుంది.

బెంచ్ మీద కూర్చోవడం అంటే ఏంటో మనకి తెలుసు. అదీ పరాయి దేశంలో, ప్రాజెక్టు లేకుండా. ఆఫీసుకి వెళ్ళాలి, నవ్వాలి, మనవల్ల ఎవరికీ ఏ పనీ జరగట్లేదని మనకీ తెలుసు వాళ్ళకీ తెలుసు. నేను అలా ఏడు వారాలు కూర్చున్నాను. నా జీతం నాకొచ్చేది, అయినా అన్నం సయించేది కాదు. ఈమెకి ఆ జీతం కూడా లేదు. వేరే దేశంలో వాలంటీరుగా సర్దుకోవడం అంటే తిండీ నీళ్ళూ దోమలూ అనుకుంటాం గానీ అవన్నీ నెలరోజుల్లో తేలిపోయే బగ్గులు. తేలనిది ఇంకోటుంది. మంచి చెయ్యాలని అంతదూరం వచ్చాక, చెయ్యడానికి తనకి చేతనైంది చాలా కొద్దిగా ఉందని రోజూ ఒప్పుకోవాల్సి రావడం. భాష రాదు. వంట రాదు. పిల్లాడు జ్వరంతో ఏడిస్తే ఎక్కడ నొప్పో అడగలేదు. నిజం చెప్పాలంటే మొదట్లో హాస్టలుకి ఆమెవల్ల పని తగ్గలేదు, పెరిగింది.

ఆరోజు సాయంత్రం ఆమెకి పని దొరికింది. వంటావిడ లేదు. లోపల అరవైమంది పిల్లలు, పైగా బయటికి పంపడానికి పులిహోర పొట్లాలు. ఆమె ఉల్లిపాయలు తరిగింది, పొట్లాలు కట్టింది, తను లోపల కూర్చోగలిగేంత డేగిసాలు ఇసుకపెట్టి తోమింది. అలా పదిరోజులు. తర్వాతెప్పుడో అంది, ఇండియాకొచ్చాక సిగ్గుపడకుండా అన్నం తిన్న మొదటిరోజు అదేనని.

అన్నట్టు, ఇలా వచ్చినవాళ్ళు మన డెల్టాకి కొత్తేం కాదు. రాబర్ట్ నోబుల్ 1841లో బందరు వచ్చాడు. 1843లో ఆయన పెట్టిన బడే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు చుట్టుపక్కల ముప్ఫైవేలమంది దాకా పోయారంటారు. ఆ తర్వాత ఏడాది, 1865లో, ఆయనా బందర్లోనే పోయాడు. ఇరవై నాలుగేళ్ళు. ఆయన మతప్రచారకుడు కదా, వాలంటీరెలా అవుతాడు అంటారా? ఒప్పుకుంటా. ఆ లెక్కలో అటుచివర గోరాగారున్నారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో మా పటమటకి మార్చారు. దాన్ని చూడ్డానికి కూడా దేశదేశాలనుంచి వచ్చేవాళ్ళు. అమెరికా పీస్ కోర్ కుర్రాళ్ళు 1961 నుంచి 1976 దాకా మన దేశంలో పనిచేశారు, మామూలుగా రెండేళ్ళ గడువు. నోబుల్‌కి ఇరవై నాలుగేళ్ళు, పీస్ కోర్‌కి రెండేళ్ళు, ఇప్పుడు పదకొండు నెలలు. గడువు ఇలా తగ్గుతూ పోవడం నాకైతే నచ్చదు.

ఎందుకు నచ్చదో చెప్తాను.

హాస్టల్లో ఒక పిల్లాడున్నాడు. పదేళ్ళుంటాయేమో, వాడికీ సరిగ్గా తెలీదు. వాడు ఈ అమ్మాయిని వేరే పేరుతో పిలిచేవాడు. ఆ పేరు రెండేళ్ళ క్రితం వచ్చి వెళ్ళినమ్మాయిది. ఈమె నవ్వుతూ సరిచేసేది, తన పేరు విడగొట్టి పలికించేది, వాడు చక్కగా పలికేవాడు. మర్నాడు మళ్ళీ పాత పేరే. అక్టోబరులో ఒక శనివారం, వాడికి నామీద కోపమా, కనుక్కో అని నన్నడిగింది. నేను వాణ్ణి పిలిచి అడిగాను. గోళీలాడుతున్నాడు. తలెత్తకుండానే చెప్పాడు.

"అందరూ వెళ్ళిపోయేవోళ్ళేగా అన్నా. ఒక్క పేరు సరిపోద్ది."

వినోబా భావే భూదాన యాత్రలో ఆంధ్రలో నడిచినప్పుడు ఆయన ఉపన్యాసాలు తెలుగులోకి చెప్పింది గోరాగారబ్బాయి లవణంగారు. ఒక నాస్తికుడు ఆధ్యాత్మిక ప్రసంగాన్ని తన సొంత మాట ఒక్కటీ కలపకుండా తర్జుమా చెయ్యడం ఎంత కష్టమో నాకు ఆ నిమిషం అర్థమైంది. 'నీ పేరు పలకడం కష్టంగా ఉందంటున్నాడు' అని చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఎందుకంటే ఆ మాట నాకోసం అన్నది కాదు, నేను దాచుకోడానికి.

రెండురోజులు ఆమె గదిలోంచి రాలేదు. వెనక్కి వెళ్ళిపోతుందేమో అనుకున్నాం. వార్డెన్ గారు నామీద కాస్త విసుక్కున్నారు కూడా.

ఇలాంటి చోట్లకి తక్కువ కాలానికి విదేశీయుల్ని పంపడం మీద చాలా ఏళ్ళనుంచే గొడవ జరుగుతోంది. కాంబోడియాలో 2011లోనే, పిల్లలు టూరిస్టులు చూసిపోయే వింతలు కారు అంటూ పెద్ద ప్రచారం నడిపారు. అసలే విడిపోవడం చూసిన పిల్లలకి ఏటా ఒక కొత్త విడిపోవడం మనమే అందించడం ఏమిటని వాళ్ళ వాదన. అందులో నిజం ఉంది. మన ఐటీ కంపెనీలు సీఎస్ఆర్ పేరుతో ఏడాదికొకరోజు టీషర్టులేసుకుని వెళ్ళి, పిల్లలతో సెల్ఫీలు దిగి, కేకు తినిపించి వచ్చే కార్యక్రమం ఇంకా అన్యాయం. పదకొండు నెలలున్న పంతొమ్మిదేళ్ళ పిల్లని తప్పుపట్టే ముందు మనం ఆ ఫోటోలు ఒకసారి చూసుకోవాలి. హాస్టలు వాళ్ళకి మాత్రం వేరే లెక్కుంది. ఇద్దరు హెల్పర్లతో అరవైమంది. మూడో జత చేతులు ఉచితంగా వస్తుంటే వద్దనగల స్తోమత వాళ్ళకి లేదు.

మూడోరోజు ఆమె కిందకి దిగి, పిల్లలకి పాటలు నేర్పించే తన క్లాసు ఆపేస్తానంది. దాని బదులు వార్డెన్ గారి దగ్గర కూర్చుని స్టాకు పుస్తకం, ఉతికిన బట్టల లెక్క, మందుల చీటీలు చూస్తానంది. తను పోయినా తెగిపోని పని ఏదో అది చేస్తానంది. పిల్లల దగ్గర టీచరుగా కాకుండా తెలుగు నేర్చుకునే స్టూడెంటుగా చేరింది. గుణింతాలు దిద్దించింది ఎవరో చెప్పక్కర్లేదు. వాడు తిట్టేవాడు కూడా. "క కి గుడి దీర్ఘం ఇస్తే కీ, ఎన్నిసార్లు చెప్పాలి!" అని. పేరు మాత్రం పాతదే. ఆమె సరిచెయ్యడం మానేసింది.

సంక్రాంతికి మా అమ్మమ్మ వాళ్ళ వైపు, దివిసీమకి తీసుకెళ్ళాను. దారిలో చల్లపల్లిలో ఆగాలని నేనే పట్టుబట్టాను, అందుకోసం రాత్రి రెండున్నరకి బయల్దేరాం. స్వచ్ఛ చల్లపల్లి గురించి వినే ఉంటారు. డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్ గారు, డాక్టర్ పద్మావతి గారు, ఇంకా ఆ ఊరివాళ్ళు 2014 నవంబరు నుంచి రోజూ తెల్లారుజామున నాలుగున్నరకి చీపుర్లు పట్టుకుని రోడ్డెక్కుతున్నారు. పండగైనా, వానైనా. రిటైరైన ఉద్యోగస్థులు, రైతులు, గృహిణులు. ఆ చీకట్లో ఈమె కూడా ఒక చీపురందుకుంది. గంటన్నర ఊడ్చాక నన్నడిగింది, వీళ్ళ గడువు ఎప్పటిదాకా అని. గడువు లేదు అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వీళ్ళ ఇళ్ళు ఇక్కడే కదా, అదీ తేడా" అంది. ఆ మాటలో అసూయ ఉందో నిట్టూర్పు ఉందో చెప్పలేను.

మా అమ్మమ్మకి 1977 నవంబరు 19 ఉప్పెన నిన్నటిలా గుర్తు. ఈ పిల్ల సేవకి వచ్చిందని చెప్తే ఆవిడ తన లెక్కలో చెప్పుకొచ్చింది. అప్పుడు ఎక్కడెక్కడినుంచో బట్టలొచ్చాయట, ఉన్ని కోట్లు కూడా. దివిసీమలో ఉన్ని కోట్లేం చేసుకుంటాం, పరుపు కింద పరుచుకున్నాం అని నవ్వింది. ఎందరో వచ్చారు, రాసుకున్నారు, వెళ్ళారు. ఒక తెల్లాయన మాత్రం ఉప్పునీళ్ళు నిండిన చెరువు తోడే పనిలో ఊరివాళ్ళతో బురదలోకి దిగాడట. ఎన్నాళ్ళున్నాడో, ఏ దేశమో, ఏ పేరో ఆవిడకి తెలీదు. 'బురదలో దిగినాయన' అంటుంది. నేను తర్జుమా చేశాను. ఆమె నోట్సులో రాసుకుంది. ఆవిడ ఆమె గడ్డం పట్టుకుని, "పిల్ల బక్కచిక్కిపోయింది, ఇంకో అరిసె పెట్టవే" అని మా అమ్మ మీద కేకలేసింది.

మే నెల ఎలా గడిచిందో రాయను. బెజవాడ ఎండ గురించి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా నమ్మరు.

2025 జులైలో వెళ్ళేముందు ఆదివారం మా ఇంటికొచ్చింది. అప్పటికి తెలుగు బాగానే వచ్చింది, బెజవాడ యాసతో సహా. అమ్మని ఒక ప్రశ్న అడగాలంది. పిల్లలకి మళ్ళీ వస్తానని చెప్పకూడదని అక్టోబరులో ఒట్టు పెట్టుకుందట. వస్తుందో రాదో ఆమెకే తెలీదు. చదువుంది, ఖర్చుంది. కానీ తెలుగులో వెళ్ళేటప్పుడు చెప్పే మాటలోనే 'వస్తాను' ఉంది కదా. వెళ్తాను అంటే అశుభం. వెళ్ళొస్తాను అంటే అబద్ధం. ఏమని చెప్పాలి?

అమ్మ చాలాసేపు ఆలోచించింది. నేను ఏదో వ్యాకరణం చెప్పబోతే ఆగమంది. "ఏమీ చెప్పకు. వాణ్ణి చెప్పమను" అంది.

బుధవారం రాత్రి రైలు. నేను ఆఫీసు కాల్ వదిలేసి వెళ్ళాను. పిల్లలు స్టేషన్‌కి రారు, హాస్టలు రూలు. గేటు దగ్గరే. ఆమె ఒక్కొక్కడి తలమీద చెయ్యేస్తూ వస్తోంది. వాడి వంతు వచ్చింది. ఇద్దరూ కాసేపు నిలబడ్డారు. చివరికి వాడే, గుణింతాలు అప్పజెప్పించినట్టు, "రైల్లో కిటికీ దగ్గర చెయ్యి బయట పెట్టకు" అన్నాడు. పాత పేరూ పిలవలేదు, కొత్త పేరూ పిలవలేదు. "సరే" అంది.

తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఆమె పద్నాలుగు పేజీల ఫైలు రాసిపెట్టింది. మనం రిజైన్ చేసేటప్పుడు చివరి వారంలో మొక్కుబడిగా రాసే కేటీ డాక్యుమెంట్లన్నీ దీని ముందు దిగదుడుపు. ఏ పిల్లాడికి ఏ మందు పడదు, నీళ్ళ మోటారు ఎప్పుడు వెయ్యాలి, బియ్యం బస్తా ఎన్నిరోజులొస్తుంది, వంటావిడకి మోకాళ్ళ నొప్పి కాబట్టి పెద్ద డేగిసా ఎవరు దింపాలి. పిల్లలతో ఫోటోలు దిగొద్దని ఒక లైను. నాలుగో పేజీలో, 'మొదటి నెల నీవల్ల ఏ ఉపయోగమూ ఉండదు, గిన్నెలు తోము' అని ఉంది. వార్డెన్ గారు చదువుకోడానికి దాన్ని తెలుగులోకి మార్చి ఇచ్చాను. ఈ ఏడు వాలంటీరు ఇంకా రాలేదు, వీసా ఆలస్యమైందట. మోటారు మాత్రం ఆ ఫైల్లో ఉన్న టైముకే వేస్తున్నారు.